కొరియా అవ్వకు దండకం

అవ్వా, సముద్రాల అవతలి అవ్వా, నడుము వంగినా నాలుక వంగనిదానా, గుమ్మడికాయలు మూటగట్టుకుని సంతకు నడిచేదానా, నీకు దండం. ఫోను తెరలో నువ్వు జానెడు కూడా ఉండవు. అయినా హీరో పక్కకు తప్పుకుని నువ్వు వసారాలోకి వచ్చి కూర్చుంటే ఆ తెరంతా నీదే.

మా మండికల్ పిల్లలు బళ్లో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పేరేసంద్ర దగ్గర హైవే ఎక్కి బెంగళూరు పనికి పోయేటప్పుడు, బస్సులో చెవులకు తీగలు తగిలించుకుని సియోల్‌ చూస్తారు. వాళ్లకు హ్యున్ బిన్ కావాలి, పార్క్ బో-గమ్ కావాలి, గొడుగు కింద మెల్లగా పడే వాన కావాలి. కానీండి, వయసు వాళ్లది. నాకు మాత్రం నాలుగు సీరియళ్లు వరసగా చూసేసరికి ఆ నున్నటి ముఖాలన్నీ కలిసిపోతాయి. ఎవరు ఏ కంపెనీ వారసుడో, ఎవరికి గతం గుర్తులేదో తెలియకుండా పోతుంది. నువ్వు మాత్రం కలవవు. నీ ముఖంలో ఒక్కొక్క ముడత ఒక్కొక్క దారిలో పోతుంది.

మన తెరమీద అవ్వకు ఎప్పుడూ రెండే పనులు. నవ్వించడం, లేదంటే పటమై దండ వేయించుకోవడం. నిర్మలమ్మ అంతటి నటి ఉన్న రోజుల్లో కూడా ఆమెకు దొరికింది కథలో ఒక మూల. ఆ మూలలోనే ఆమె ఇల్లు కట్టుకుంది, అది ఆమె గొప్పతనం. కొరియావాళ్లు నీకు మూల ఇవ్వలేదు, నట్టిల్లు ఇచ్చారు. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఇచ్చారు. తప్పు చేసే హక్కు. నిన్ను దేవతను చేసి గూట్లో కూర్చోబెట్టలేదు. నీకు ఆకలి పెట్టారు, అసూయ పెట్టారు, మొండితనం పెట్టారు, చేసిన పనికి సిగ్గుపడని గుండె పెట్టారు. అందుకే ఈ దండం.

*

నోరు లేని అవ్వా, నీకు మొదటి దండం.

'ద వే హోమ్' 2002లో వచ్చింది. తీసింది లీ జంగ్-హ్యాంగ్ అనే దర్శకురాలు. పట్నంలో పెరిగిన ఏడేళ్ల పిల్లవాణ్ణి తల్లి తీసుకొచ్చి కొండమీది పల్లెలో మూగ అవ్వ దగ్గర వదిలిపోతుంది. వాడు అవ్వను ఎన్ని మాటలంటాడని! చేతిలోని వీడియోగేముకు బ్యాటరీ కొనివ్వలేదని అవ్వ తలలోని వెండి పిన్ను దొంగిలించి బజారుకు పోతాడు. వేయించిన కోడి కావాలని, పుంజులా చేతులాడించి చూపిస్తాడు. అవ్వ వానలో తడుస్తూ కోడిని తెచ్చి, తనకు తెలిసిన పద్ధతిలో నీళ్లలో ఉడకబెట్టి పెడుతుంది. ఇది కోడి కాదని వాడు ఏడుస్తాడు. రాత్రి ఆకలికి లేచి అదే కోడిని తింటాడు. అవ్వ చేసిన తప్పల్లా ఆ ఉడకబెట్టడమే.

ఆ సినిమా చూడడానికి కింద వచ్చే అక్షరాలు అక్కర్లేదు. అందుకే మా అవ్వకు దాన్నే ముందు చూపించాను. రాగులు చెరుగుతూ ఓరకంట చూస్తూ ఉన్నది కాస్తా, పిల్లవాడు పట్నం పోయే ముందు రాత్రి సూదులన్నిటికీ దారాలు ఎక్కించి పెట్టేచోట చాట కింద పెట్టేసింది. చూపు ఆనని అవ్వకు సూదిలో దారం ఎక్కించడమంటే ఏమిటో దర్శకురాలికి తెలుసు. వాడు అవ్వకు రెండు మాటలు రాయడం నేర్పాలని చూస్తాడు, ఒంట్లో బాగాలేదని ఒకటి, చూడాలని ఉందని ఒకటి. రాయడం రాకపోతే ఉత్త కాగితమే పంపు, నీకు బాగాలేదని తెలుసుకుని పరుగెత్తి వస్తానంటాడు. అక్కడ మా అవ్వ ఏడవలేదు. సినిమా అయిపోయినాక ఒకే మాట అడిగింది. "ఏమ్మే, ఆ ముసిలామెకి దుడ్డిచ్చినారా లేదా?"

అడగాల్సిన మాటే. ఆ అవ్వ నటి కాదు. పేరు కిమ్ ఉల్-బున్, పల్లెలో బతికిన మనిషి. లంబాడిపల్లిలో మనకు గంగవ్వ దొరికినట్టు కొరియాకు ఆమె దొరికింది. నలభై లక్షలమందికి పైగా టికెట్టు కొని ఆమెను చూశారు. ఆ తర్వాత ఊరికి చూడవచ్చేవాళ్ల తాకిడి తట్టుకోలేక, ఆమె సొంత ఇల్లు విడిచిపెట్టి పోవలసి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో 95 ఏళ్ల వయసులో చనిపోయింది. తెరమీద బస్సు ఎక్కి పిల్లవాడు వెళ్లిపోతాడు, అవ్వ కొండదారిలో ఇంటికి నడుస్తుంది. తెర బయట ఇల్లు విడిచింది అవ్వే.

*

ఇల్లు కాల్చిన అవ్వా, నీకు రెండో దండం.

'మినారీ' అమెరికాలో తీసిన సినిమా. 1980లలో ఆర్కన్సాస్‌లో పొలం కొనుక్కున్న కొరియా సంసారం కథ, అందులో మాటలు ఎక్కువగా కొరియన్‌లోనే. మా చిక్కబళ్లాపురం జిల్లావాళ్లు ఆ సినిమాను చూసే తీరు వేరుగా ఉంటుంది. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని, వేపపుల్ల పట్టుకుని నీళ్లు చూసేవాళ్లు మాకు ఊరూరా ఉన్నారు. బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్ము తప్ప తడి రాకపోవడం మాకు వార్త కాదు. ఆ సినిమాలో తండ్రి మొదట్లో, పుల్లతో నీళ్లు చూసేవాడికి డబ్బెందుకు, బుర్ర వాడితే చాలని సొంతంగా బావి తవ్వుకుంటాడు. అది ఎండిపోతుంది. చివరికి ఆ పుల్లవాడినే పిలుస్తాడు. ఆ రెండు చోట్లా బాగేపల్లి రైతు నవ్వే నవ్వు సియోల్ ప్రేక్షకుడికి వచ్చి ఉంటుందా అని నా అనుమానం.

ఆ ఇంటికి కూతురి సంసారం చూడడానికి కొరియానుంచి నువ్వు వస్తావు. మిరపపొడి తెస్తావు, ఎండుచేపలు తెస్తావు, పేకముక్కలు తెస్తావు. మనవడికి పేకాటా బూతులూ నేర్పుతావు. కుస్తీపోటీలు టీవీలో పెట్టుకుని చూస్తావు. నువ్వు అసలు అవ్వలాగే లేవు, బిస్కట్లు చేయడం కూడా రాదు అంటాడు వాడు. మందు గిన్నెలో వాడు ఉచ్చ పోసి ఇస్తే తాగి, వాణ్ణి కొట్టబోతే అడ్డుపడతావు. వాగు పక్కన ఆకుకూర గింజలు చల్లుతావు. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినా ఊరకుండలేక, చెత్త తగలబెట్టబోయి, ఏడాది పంట దాచిన కొట్టాన్ని కాల్చేస్తావు.

అవ్వా, ఆ మంట దగ్గర నువ్వు నిలబడిన నిలబడడం! ఇంటికి పోకుండా, ఎటుపోతున్నదీ తెలియకుండా నువ్వు ఎదురుదిక్కుకు నడుస్తావు. గుండెజబ్బు ఉందని జీవితంలో ఎప్పుడూ పరుగెత్తనివ్వని ఆ మనవడు నీకోసం పరుగెత్తుతాడు. నిన్ను ఎవరూ క్షమించినట్టు చూపరు, నిందించినట్టూ చూపరు. అందరూ చాప మీద వరసగా పడుకుని నిద్రపోతారు, నువ్వొక్కదానివే మేలుకుని వాళ్లను చూస్తావు. ఇంత పెద్ద నష్టం చేసిన ముసలిదాన్ని మన సినిమాలో అయితే ఆ రాత్రికే చంపేసి ఉండేవాళ్లు, జనం జాలిపడాలి కదా.

నీ వేషం కట్టిన యూన్ యో-జంగ్‌కు 2021 ఏప్రిల్‌లో ఆస్కార్ వచ్చింది. నటనకు ఆ బహుమతి అందుకున్న తొలి కొరియన్ ఆమె, అప్పటికి 73 ఏళ్లు. 1971లో సినిమాల్లోకి వచ్చి, పెళ్లి చేసుకుని అమెరికా పోయి, విడాకులతో తిరిగొచ్చి, ఇద్దరు కొడుకుల్ని పెంచడానికి దొరికిన వేషమల్లా వేసిన మనిషి. బహుమతి చేతిలో పట్టుకుని, నన్ను పనికి పొమ్మని తరిమిన కొడుకులకు ధన్యవాదాలన్నది. కళకోసం అనలేదు, కూటికోసమన్నది. ఆ ఒక్క మాటకు ఇంకో దండం.

*

చంపిన తల్లీ, నీకు దండం పెట్టడానికి నా చేతులు కాస్త వణుకుతాయి.

కిమ్ హే-జా కొరియావాళ్లకు ఇంటి తల్లి. 1980 నుంచి 2002 దాకా ఇరవైరెండేళ్లు నడిచిన పల్లెటూరి టీవీ సీరియల్‌లో అమ్మ వేషం ఆమెది. అంత మంచి అమ్మను తీసుకెళ్లి బోంగ్ జూన్-హో 2009లో 'మదర్' తీశాడు. చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి, కథ చెప్పేస్తున్నాను. బుద్ధి ఎదగని కొడుకును హత్యకేసులో పట్టుకుపోతారు. మూలికలు అమ్ముతూ, లైసెన్సు లేకుండా సూదులు గుచ్చే తల్లి ఊరంతా తిరిగి నిజం వెతుకుతుంది. నిజం దొరుకుతుంది. హంతకుడు కొడుకే. చూసిన సాక్షి ఒక ముసలాయన. అమ్మ అతణ్ణి చంపి, కొంప తగలబెట్టి, నడుచుకుంటూ వచ్చేస్తుంది. తర్వాత ఆ నేరం ఇంకొక అమాయకుడి మీద పడుతుంది. నీకు అమ్మ లేదా అని వాణ్ణి అడిగి, లేదని తెలిసి ఏడుస్తుంది. ఏడుస్తుందే కానీ నిజం చెప్పదు.

చివర్లో ఆడవాళ్లంతా యాత్ర బస్సులో పోతుంటారు. బాధ మరిపించే చోటు ఒకటుందని తను నమ్మే తొడ మీది నరంలో సూది గుచ్చుకుని, లేచి, అందరితోపాటు ఎగురుతుంది. 2023 జూన్ 11న కర్ణాటక సర్కారు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదన్నప్పటినుంచి మా వైపు అవ్వలు కూడా కూడబలుక్కుని యాత్రలు పోతున్నారు. కైవారం పోయేటప్పుడు అక్కడి యోగి తాతయ్య రాసిన తెలుగు తత్వాలు చప్పట్లు కొడుతూ పాడతారు. 'మదర్' చూసినాక ఆ పాట నాకు ముందులా వినబడదు. వీళ్లలో ఎవరు ఏది మరిచిపోవడానికి పాడుతున్నారో అని ముఖాలు వెతుకుతాను. ఇది ఆ సినిమా నాకు చేసిన అపకారం. ఉపకారం కూడా అదే.

అదే కిమ్ హే-జా 2022లో 'అవర్ బ్లూస్' సీరియల్‌లో జెజు దీవి ముసలమ్మ ఓక్-దోంగ్. మొగుణ్ణీ కూతుర్నీ సముద్రం తీసుకుపోతే, కొడుకును వెంటబెట్టుకుని మొగుడి స్నేహితుడి ఇంటికి రెండో ఆడదానిగా పోయింది. ఇకనుంచి నన్ను అమ్మా అనొద్దు, చిన్నమ్మా అను అని కొడుకుకు చెప్పింది. సవతి కొడుకులు వాణ్ణి కొడుతుంటే చూస్తూ ఊరకుండింది. నలభై దాటిన ఆ కొడుకు ఇప్పుడు లారీ మీద బట్టలూ సామాన్లూ అమ్ముకుంటూ, ఆమె కనబడితే ముఖం తిప్పుకుంటాడు. ఆమెకు క్యాన్సర్, రోజులు లేవు. కొడుకు గొంతు చించుకుని అడుగుతాడు, నాకు చేసినదానికి నీకు బాధ లేదా అని. క్షమించమని ఆ ముసలమ్మ సాఫీగా ఒక్క మాట అనదు. ఒక తెల్లవారుజామున వాడికి ఇష్టమైన సోయా పులుసు కాచిపెట్టి పోతుంది. అది క్షమాపణో కాదో రచయిత్రి నో హీ-క్యంగ్ తేల్చలేదు. ఆ పులుసు తిన్న కొడుకు లీ బ్యంగ్-హున్. అంత పెద్ద స్టారు, ఆ పళ్లెం ముందు ఉత్త కొడుకైపోయాడు. ఇరవై ఎపిసోడ్లలో ఎన్నో జంటల కథలు ఉన్నాయి, చాలావరకు మరిచిపోయాను. ఈ ఒక్కటి పోదు.

*

పద్యం రాసిన అవ్వా, నీ దగ్గర నేను ఎక్కువ మాట్లాడను. లీ చాంగ్-దోంగ్ 2010లో తీసిన 'పొయెట్రీ'లో నీకు 66 ఏళ్లు. మాటలు మరిచిపోయే జబ్బు మొదలవుతుండగా పద్యం రాయడం నేర్చుకునే తరగతిలో చేరావు. నువ్వు పెంచే మనవడు, వాడి స్నేహితులు కలిసి ఒక బడిపిల్ల చావుకు కారణమయ్యారని తెలిసింది. మిగతా పిల్లల తండ్రులు డబ్బిచ్చి నోరు మూయించాలని లెక్కలు వేసుకుంటుంటే, నువ్వు బయటికిపోయి పూలు చూస్తూ నిలబడ్డావు. చచ్చిపోయిన పిల్ల తల్లి దగ్గరికి రాజీ మాట్లాడడానికి పంపితే, రాలిన పండ్ల గురించి మాట్లాడి, వచ్చిన పని మరిచి తిరిగొచ్చావు. ఆ మతిమరుపు జబ్బువల్లనా, సిగ్గువల్లనా? నీ వేషం వేసిన యూన్ జంగ్-హీ పదహారేళ్ల విరామం తర్వాత తెరమీదికి వచ్చి ఈ పాత్ర చేసింది. ఆమెకు కూడా అదే జబ్బు వచ్చింది. 2023 జనవరిలో పారిస్‌లో చనిపోయింది.

*

డబ్బు మూట విప్పిన అవ్వా, నీకు దండం.

2025 మార్చిలో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్' చూసి మా ఊరి ఆడపిల్లలు నెలరోజులు కళ్లు తుడుచుకున్నారు. అందరి మాటా అందులోని మొగుడు గ్వాన్-సిక్ మంచితనం గురించే. మొగుడంటే అట్లా ఉండాలట. ఉండాలి, కాదనను. కానీ నేను మొక్కేది ఇద్దరు ఆడవాళ్లకు. ఒకరు యమ్ హే-రాన్ చేసిన కథానాయిక తల్లి గ్వాంగ్-రే. జెజు హెన్యో, అంటే ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలూ గుల్లలూ ఏరే మనిషి. పది మీటర్ల లోతుదాకా, మునక మునకకూ నిమిషంసేపు శ్వాస లేకుండా. 2016లో యునెస్కో ఆ పనికి గౌరవం ఇచ్చింది. సీరియల్‌లో ఆ తల్లికి మాత్రం 29 ఏళ్లకే ఊపిరి తీరిపోతుంది.

రెండోది నా మూన్-హీ వేసిన ముసలి నాయనమ్మ. కోడలు మరో పెళ్లి చేసుకుపోయిందని ఆ కోడలిమీదా, మనవరాలిమీదా ఆ ఇల్లు చేసింది తక్కువేమీ కాదు. తర్వాత ఎప్పుడో, మనవరాలి సంసారం మునిగే సమయానికి, దాచుకున్నదంతా తెచ్చి పడవ కొనుక్కోమని ఇస్తుంది. మా దిక్కున అవ్వల డబ్బు వక్కాకు తిత్తిలో ఉంటుంది, నాలుగు మడతల నోటు, సున్నం వాసన. సర్కారు గృహలక్ష్మి పథకం రెండువేలు బ్యాంకులో పడినా సరే, తెచ్చి ఆ తిత్తిలోనే వేస్తారు. ఎప్పుడో అన్నమాటకు అపరాధం కట్టినట్టు ఒకరోజు దాన్ని విప్పుతారు. నా మూన్-హీ ఆ డబ్బిచ్చేటప్పుడు ముఖంలో దయ పెట్టలేదు, విసుగు పెట్టింది. తీసుకో, తీసుకుని పో అన్నట్టు. నటన అంటే అది.

ఈ నా మూన్-హీ మనకు చుట్టమే. 2014లో 'మిస్ గ్రానీ'లో నోటిదురుసు అత్తగారు ఆమె. ఆమె పెట్టే పోరుకు కోడలు ఆసుపత్రి పాలవుతుంది, ఇంట్లోవాళ్లు ఆమెను ఆశ్రమానికి పంపాలని చూస్తారు. ఫొటో స్టూడియోకు పోయి ఇరవై ఏళ్ల పిల్లై బయటికొస్తుంది. దాన్నే 2019లో నందినీ రెడ్డి 'ఓ బేబీ'గా తీసింది. అవ్వ లక్ష్మి, పిల్ల సమంత. మా అవ్వలు మొత్తం మెచ్చుకున్న కొరియా కథ ఇదొక్కటే, కొరియాదని వాళ్లకు తెలియదు. మనవడికి రక్తం ఇస్తే ముసలితనం తిరిగొస్తుందని తెలిసి, వద్దమ్మా, ఈసారైనా నీ బతుకు నువ్వు బతుకు అని కొడుకు అంటాడు. రావు రమేష్ ఆ చోట కడుపు తరుక్కుపోయేట్టు చేశాడు. ఆమె వినదు, ఇస్తుంది. నేను కొడుకు పక్షం. కొరియావాళ్లు తీసినా మనవాళ్లు తీసినా అక్కడ ధైర్యం చాలలేదు. ఒక్క ముసలమ్మ, ఒక్కసారి, సరే నాయనా అని సంచి తగిలించుకుని వెళ్లిపోతే ఏం పోయేది?

ఇంకో ముచ్చట. ఆ 'మిస్ గ్రానీ' దర్శకుడు హ్వాంగ్ దోంగ్-హ్యుకే తర్వాత 'స్క్విడ్ గేమ్' తీశాడు. అందులోనూ ఒక ముసలమ్మను తెచ్చాడు, అప్పుల కొడుకుతోపాటు ఆటలోకి దిగిన గుమ్-జా. మూడో భాగంలో పరాయి పిల్లనూ పసిబిడ్డనూ కాపాడడానికి కన్నకొడుకును తలపిన్నులో దాచిన కత్తితో పొడిచి, తర్వాత తనూ ఉరేసుకుంటుంది. తప్పు చేసే హక్కు గురించి ఇంతసేపు చెప్పిన నాకు ఇది నచ్చాలి కదా? నచ్చలేదు. 'మదర్'లో తల్లి చంపినప్పుడు ఆ తప్పు ఆమెది. ఇక్కడ చంపింది కథ, చెయ్యి మాత్రం ముసలమ్మది. జనం గుండెలు బాదుకోవాలని ఆమెచేత చేయించారు.

అట్లాగే నీ పేరు చెడగొట్టే ఇంకొక ముసలిది ఉంది. ముత్యాల దండ, గట్టిగా దువ్విన జుట్టు. పేదపిల్ల ముందు డబ్బు కవరు తోసి, అది కాదంటే గ్లాసులో నీళ్లు ముఖాన కొట్టేది. సీరియల్ మారినా ఆ గ్లాసు మారదు. ఆమెకు దండం లేదు.

*

అవ్వా, తెరమీద నిన్ను ఇంత ప్రేమించే దేశం తెర బయట నిన్ను ఎట్లా చూస్తుందో నాకు తెలుసు. ధనిక దేశాల కూటమిలో ముసలివాళ్ల పేదరికం ఎక్కువగా ఉన్నది కొరియాలోనే. పదిమందిలో దాదాపు నలుగురు. సియోల్ వీధుల్లో బండి తోసుకుంటూ అట్టముక్కలు ఏరుకునే ముసలమ్మలు సీరియళ్లలో వెనకాల అప్పుడప్పుడు కనబడతారు, కెమెరా ఆగదు. 2016లో 'ద బాకస్ లేడీ'లో మాత్రం ఆగింది. పార్కులో మగవాళ్లకు ఒళ్లమ్ముకుని బతికే అరవై దాటిన మనిషిగా మళ్లీ యూన్ యో-జంగే. అది మా అవ్వకు చూపించలేదు. చూపించాల్సిందేమో.

మా అవ్వతో చూస్తూ నవ్వుకున్నవీ ఉన్నాయి. గూళ్లలోని పట్టుపురుగును ఉడకబెట్టి దోసిట్లో పోసుకుని తినే కొరియా వీధి తిండి చూసి, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ వాసన నలభై ఏళ్లు పీల్చిన మా అవ్వ ముక్కు మూసుకుని, "దాన్ని తింటారా? మనం ఊరకే పారేస్తిమే" అన్నది. అందులో అసహ్యం ఎంతో, నష్టపోయామన్న లెక్క ఎంతో చెప్పలేను.

ఇక, సినిమా తీసే తెలుగు పిల్లల్లారా, కన్నడ పిల్లల్లారా, మీలో ఎవరైనా ఈ వైపు వస్తే వినండి. చిక్కబళ్లాపురం దాటి పేరేసంద్ర దగ్గర మలుపు తిరగండి. అనపకాయల కాలంలో రండి, అప్పుడు అరుగులమీద అవ్వలంతా దొరుకుతారు, పితుకుతూ, తిట్టుకుంటూ. సగం తెలుగూ సగం కన్నడమూ కలిసిన మాటను సరిదిద్దకండి. వాళ్లచేత దీవెనలు పలికించకండి. కోడలితో ఎందుకు మాట్లాడరో అడగండి, చెప్పరు, అయినా అడగండి. ఎవరి పొలం గట్టు ఎంత జరిపారో, ఏ కొడుక్కు ఎక్కువ పెట్టారో, ఎవరికి చెప్పకుండా ఎవర్ని ప్రేమించారో రాయండి. ఇంటర్వెల్‌కు ముందే పటానికి దండ వేయకండి. ఒకవేళ వాళ్లలో ఒకరిని కెమెరా ముందు నిలబెట్టేట్టయితే, దుడ్డు ముందే చేతికివ్వండి. లెక్కపెట్టుకుంటుంది, ఆగండి.